మట్టల ఆదివారం పోటు

"నేను కొట్టలేదండి. దొరికుంటే కొట్టేవాణ్ణే, అబద్ధమెందుకు ఆడాలి? కానీ దొరకలేదండి."

ముత్యాలపర్ర రైతు బుల్లిరాజు ఈ మాట చెప్పడం ఇది నాలుగోసారి. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ దేవకుమారి నాలుగోసారి కూడా తల ఎత్తకుండా విన్నది. సోమవారం ఉదయం ఏడూ పది. రాత్రి ఇంటికి వెళ్లలేదు. బల్ల మీద శవ పంచనామా కాగితాలు, మీగడ కట్టిన టీ, ఆమె చేత్తో రాసుకున్న సముద్రపు పోటు వేళలు ఉన్నాయి.

ముందురోజు మట్టల ఆదివారం, పౌర్ణమి మర్నాడు. మొగల్తూరు దాటాక ముత్యాలపర్ర మురుగు కాలువ సముద్రంలో కలిసే చోట ఐదు తలుపుల తూము ఉంది. పోటు వస్తే తలుపులు దించి ఉప్పు నీటిని ఆపాలి, పాటు వేళకు ఎత్తి మురుగు నీటిని వదలాలి. లస్కరు చిట్టియ్య ఇరవై రెండేళ్లుగా చేస్తున్న పని అదే. ఆదివారం ఉదయం నిండు పోటు మీద ఎవరో ఐదు తలుపులూ ఎత్తేశారు. ముత్యాలపర్రలో ఆరువందల ఎకరాల రెండో పంట, దాళ్వా వరి, ఉప్పు నీళ్లలో మునిగింది. మధ్యాహ్నం రెండున్నరకు చిట్టియ్య శవం దొరికింది. తల వెనక పుర్రె చిట్లింది.

చిట్టియ్యది పక్కనే ఉన్న లంకపాలెం. అక్కడ అన్నీ రొయ్యల చెరువులే. రొయ్యకు ఉప్పు నీళ్లు కావాలి, వరికి ఉప్పు నీళ్లు చావు. చెరువుల వాళ్ల మాట విని లస్కరే తలుపులెత్తాడని ముత్యాలపర్ర తేల్చేసుకుంది. మా మనిషిని ముత్యాలపర్ర వాళ్లే చంపేశారని లంకపాలెం తేల్చేసుకుంది. ఇప్పుడు రెండు ఊళ్ల మధ్య గట్టు మీద నలభై మంది పోలీసులు కాపలా ఉన్నారు.

"మళ్లీ మొదటినుంచి చెప్పండి" అంది దేవకుమారి. "తొమ్మిదింటికి ఎక్కడున్నారు?"

"మా చెల్లెలి కొడుకు పెళ్లండి. తొమ్మిదీ పన్నెండుకి ముహూర్తం. వీడియోలో ఉన్నానండి, తలంబ్రాల పళ్లెం పట్టుకున్నది నేనే. పదీ ముప్పావుకి ఎవరో పరిగెత్తుకొచ్చి చేలల్లోకి ఉప్పు నీళ్లొచ్చేశాయన్నారు. విస్తళ్ల ముందునుంచి లేచి వెళ్లిపోయామండి."

"తూము దగ్గరికి ఎన్నింటికి చేరారు?"

"పదకొండూ పది. చిట్టియ్య లేడు. తలుపులన్నీ పైకున్నాయి."

"వెంటనే దించారా?"

బుల్లిరాజు మొహం తుడుచుకున్నాడు. "అక్కడే గొడవైందండి. దించేయండ్రా అని నేనన్నాను. మా ఆవిడ వీరవేణి అడ్డంపడింది. నీళ్లు వెనక్కి సముద్రంలోకి లాగుతున్నాయి, ఇప్పుడు దించితే చేలల్లో ఉన్నది చేలల్లోనే ఉండిపోద్దని. దాని మాటే నిజమండి. మధ్యాహ్నం దాకా అలాగే వదిలేసి, అప్పుడు దించాం."

దేవకుమారి పెన్ను ఆగింది. "పదకొండూ పదికి నీళ్లు ఎటు పోతున్నాయి?"

"సముద్రం వైపేనండి. జోరుగా."

తలుపు తోసుకుని ఉదయభాస్కర్ వచ్చాడు. జిల్లా స్పెషల్ టీం ఇన్‌స్పెక్టర్. నిన్న సాయంత్రం నలుగురితో దిగాడు, వచ్చిన గంటలోనే బుల్లిరాజుతో సహా ముగ్గుర్ని లాకప్‌లో వేశాడు. ఇద్దరిదీ ఒకటే ర్యాంకు. కేసు ఆమెది, పైనుంచి వచ్చిన ఆర్డరు అతనిది.

"ఇంకా అవలేదా మేడమ్? పది గంటలకి ప్రెస్ మీట్. ముద్దాయిల్ని రెడీ చేయాలి."

"వీళ్లు చంపలేదు."

"ముప్పై మంది కర్రలు పట్టుకుని వెళ్లారు. లస్కరు మీద మంట. లస్కరు తల పగిలింది. ఇంకేం కావాలండీ మీకు?"

"శవం ఎక్కడ దొరికింది ఉదయభాస్కర్ గారూ?"

"కాలవలో."

"కాలవలో ఎక్కడ? తూముకి ఆరువందల మీటర్లు ఎగువన, ఊరివైపు. నిన్న పోటు నిండా ఎక్కింది తొమ్మిదీ ఐదుకి. పది దాటాక నీళ్లు వెనక్కి తిరిగాయి. పదకొండూ పదికి వీళ్లు చంపి కాలవలో పడేస్తే శవం సముద్రంలోకి పోవాలి. ఊరివైపు ఎలా ఎదురెక్కుతుంది?"

"మోసుకెళ్లి పడేసుంటారు."

"ఊరి వాళ్లంతా గట్టు మీద ఉండగా, ఆరువందల మీటర్లా?"

"మేడమ్." అతను గొంతు తగ్గించాడు. విసుగొస్తే అతను అరవడు, తగ్గిస్తాడు. "పోటూ పాటూ జాలరి వాళ్లకి కావాలి. నాకు కావలసింది రెండూళ్లూ కొట్టుకు చావకుండా చూడటం. ఇవాళ అరెస్టులు చూపించకపోతే లంకపాలెం ఆగదు. రేపు ఇంకో నాలుగు శవాలు లేస్తే మీ పోటు లెక్కలు వినడానికి ఎవరూ మిగలరు."

అందులో అబద్ధం లేదు. ఆమెకు ఒళ్లు మండింది కూడా అందుకే.

"పది గంటల దాకా టైముంది కదా" అని టోపీ తీసుకుంది. "హెడ్ కానిస్టేబుల్ని, జీపుని తీసుకెళ్తున్నాను."

"ఒక్క హెడ్‌నే. మిగతా వాళ్లంతా పికెట్‌లో ఉన్నారు."

*

కల్వర్టు దగ్గర జీపు ఆపించింది. ఏడూ యాభై. శవం దొరికిన చోట పోలీసులు కట్టిన తాడు తెగి నీళ్లలో వేలాడుతోంది. హెడ్ కానిస్టేబుల్ సామ్యేలు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. చచ్చిన చేపల కంపు.

"గుర్రపు డెక్క ఎటుందో చూశావా సామ్యేలూ?"

"కల్వర్టుకి ఇవతల ఉందండి. సముద్రం వైపు."

"రోజూ ఎటుంటుంది?"

అతను కల్వర్టు అవతలికి తొంగిచూశాడు. "అవతలండి, ఊరివైపు. పైనుంచి కొట్టుకొచ్చి కల్వర్టు కింద నీళ్లు పోయే కానాలకి తట్టుకుంటుంది."

ఈసారి దిగువన ఉన్న గుర్రపు డెక్కంతా పోటు నీళ్లతో ఎగువకి వచ్చి కానాల ఈ వైపు ఇరుక్కుని, పాటుకి కూడా కదలకుండా అట్టలా పేరుకుంది. ఒక్క రోజులోనే ఆకులు కాలిన కాగితాల్లా ముడుచుకుపోయాయి. ఉప్పు తగిలితే అది బతకదు. చిట్టియ్య ఈ అట్ట కిందే దొరికాడు. ఏ నీళ్లు దాన్ని తెచ్చాయో ఆ నీళ్లే అతన్నీ తెచ్చాయి. అతను కాలువలో పడింది తలుపులు ఎత్తిన తరువాత, నీళ్లు వెనక్కి తిరగకముందు. పోటు నిండే వేళ, అంటే ఎనిమిదిన్నరకూ పదికీ మధ్య. అప్పుడు ముత్యాలపర్ర మొత్తం పెళ్లిలో ఉంది, లంకపాలెం మొత్తం మట్టలు పట్టుకుని చర్చిలో ఉంది.

"ఫోటోలు తీయి. ప్రతి కానా విడివిడిగా. ఇంకోటి, చిట్టియ్య ఫోన్ కాల్ లిస్టు వచ్చిందేమో స్టేషన్‌కి ఫోన్ చేసి అడుగు."

తూము మీద డ్రైనేజీ ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీర్, రమేష్ బాబు ఆమె కోసం ఎదురుచూస్తున్నాడు. నలభై ఏళ్లుంటాయి. చంకలో ఫైలు, చేతిలో ఆ రోజు పేపరు. నమస్కారం పెట్టకుండానే పేపరు చూపించాడు.

"చూశారా మేడమ్? నాలుగు కాలమ్‌ల వార్త. 'లస్కరు దారుణ హత్య, రెండు గ్రామాల కక్ష.' ఇందులో సముద్రం అన్న మాట ఎక్కడుందో మీరు వెతకండి. నేను రెండుసార్లు చదివాను. లేదు."

"అది తర్వాత. తాళం సంగతి చెప్పండి." తలుపులెత్తే గేరు చక్రానికి గొలుసు, గొలుసుకి తాళం. తాళం తెగలేదు, కొట్టినట్టు గీత కూడా లేదు. "చెవితోనే తీశారు. చిట్టియ్య చెవి మొలతాడుకే ఉంది, పంచనామాలో రాశాం. రెండో చెవి?"

"ఆఫీసులో ఉండాలండి."

"ఉందా?"

"మేకుకి ఏడు తూముల చెవులు వేలాడుతుంటాయి. ఎవరైనా తీసుకోవచ్చు. అసలు ఏడెందుకు, ఒకటి చాలు. అన్నిటికీ ఒకే రకం తాళం కొన్నారు. ఒక్క చెవితో ఏడూ తెరుచుకుంటాయి. మార్చమని రాశాను."

"రాస్తే?"

అతను నవ్వాడు. చంకలోని ఫైలు తీసి రెయిలింగ్ మీద పెట్టాడు. "తాళాల గురించి ఒకసారి రాశాను మేడమ్. తలుపుల గురించి మూడుసార్లు. ఈ తూము కట్టినప్పటి పోటు వేరు, ఇప్పటి పోటు వేరు. పౌర్ణమికీ అమావాస్యకీ నీళ్లు తలుపుల పైఅంచుకి జానెడు కిందకి వచ్చేస్తున్నాయి. మడ అడవి ఉన్నప్పుడు కెరటాన్ని కొంచెం మింగేది, దాన్నీ కొట్టేసి చెరువులు తవ్వారు. తుపాను వస్తే ఈ తూము ఆపలేదు, మీటరు పెంచండి అని రాశాను. ఏమని తిప్పిపంపారో చదవండి."

దేవకుమారి చదివింది. మూడు కాగితాల మీదా ఒకటే ముక్క. 'నష్టం నమోదు కాలేదు గనుక ప్రతిపాదన పరిశీలనార్హం కాదు.'

"అంటే మునిగాక రమ్మంటున్నారు" అందామె.

"మీకు అర్థమైంది. నాలుగేళ్లలో మీకొక్కరికే అర్థమైంది." అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "నిన్న ఉదయం తొమ్మిదికి నీటిమట్టం గేజీ మీద రెండు మీటర్ల పది. రాత్రి ఇంకో నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ. ఇది తుపాను కాదు మేడమ్. మామూలు పౌర్ణమి."

ఆమె వంగి నీళ్లలోని గేజీ రాయిని చూసింది. రాత్రి పోటు తడి మరక రెండు మీటర్ల పద్నాలుగు దగ్గర ఆగి ఉంది. దాని కింద ఇంకే గుర్తూ లేదు.

"రాత్రిది రాయి మీద కనిపిస్తోంది. ఉదయం లెక్క మీకెవరు చెప్పారు?"

అతను ఫైలు మూసి చంకలో పెట్టుకున్నాడు. "చిట్టియ్యేనండి. ఫోన్ చేశాడు."

"ఎన్నింటికి?"

"తొమ్మిదికి… ఆ చుట్టుపక్కలే. సరిగ్గా గుర్తులేదు. నేను వెళ్లాలి మేడమ్. ఇవాళ పోటు తొమ్మిదీ యాభై. భయపడి లస్కర్లెవరూ డ్యూటీకి రాలేదు. శివారు తూము దగ్గర మనిషి లేడు. దాని వెనకే పదకొండు ఊళ్ల మంచినీటి చెరువుంది. వేసవికి కాలవలు కట్టేస్తారని ఈ వారమంతా చెరువు నింపుతున్నారు. నేనే చూసుకోవాలి."

అతను మోటార్ సైకిలెక్కాడు. వెళ్లనిచ్చింది. ఈ జిల్లాలో పని చేసే మనిషి ఒక్కడైనా ఉన్నాడు కదా అని కూడా అనుకుంది. ఆ అనుకోవడం తలచుకుని తరువాత చాలా రోజులు ఆమె తనను తాను తిట్టుకుంది.

*

లంకపాలెంలో చిట్టియ్య ఇంటి ముందు టెంటు వేశారు. అరుగు మీద ముందురోజు చర్చి నుంచి తెచ్చిన తాటి మట్టలు ఇంకా అలాగే ఉన్నాయి. ఎనిమిదీ యాభై. పోలీసు జీపు చూడగానే మగవాళ్లు లేచి నిలబడ్డారు, దారి మాత్రం ఇవ్వలేదు. దేవకుమారి చెప్పులు విప్పి వాళ్ల మధ్యలోంచే లోపలికి వెళ్లింది.

చిట్టియ్య భార్య ఆశాజ్యోతి గోడకి ఆనుకుని కూర్చుంది. ఏడవడం లేదు. ఒడిలో ఫోను బోర్లా పెట్టుకుని దాని మీద చెయ్యి వేసుకుంది.

"ఆయన అమ్ముడుపోయాడని పేపర్లో వేశారంటగా మేడమ్ గారండి" అంది. "పండగ పూట కొత్త చొక్కా వేసుకుని కూడా ప్రార్థన గుడికి రాలేదండి. పౌర్ణమి పోటు, తలుపుల దగ్గర మనిషి ఉండాలన్నాడు. అలాంటి మనిషండి."

"అమ్మా, నిన్న పొద్దున్న ఆయన ఎవరికైనా ఫోన్ చేశారా? ఇంజనీరు గారికి గానీ?"

"తెలీదండి."

బయటినుంచి సామ్యేలు వచ్చి ఆమె చెవి దగ్గర వంగాడు. "కాల్ లిస్టు వచ్చిందండి. నిన్న పొద్దున్నించి చిట్టియ్య ఫోన్లోంచి ఒక్క కాల్ కూడా పోలేదు. ఒక్కటి కూడా రాలేదు."

దేవకుమారికి గేజీ రాయి గుర్తొచ్చింది. మరి రెండు మీటర్ల పది ఎవరు చూశారు?

ఆమె చూపు ఆశాజ్యోతి చేతి మీదికి పోయింది. "అమ్మా, ఆ ఫోను బోర్లా ఎందుకు పెట్టుకున్నావు?"

పక్కనున్న ముసలామె ఒకరు భుజం నిమిరాక ఆశాజ్యోతి నోరు విప్పింది. "మాట పంపాడండి. వాట్సాప్‌లో. ప్రార్థనలో ఉన్నానని సౌండు తీసేశాను. ఎనిమిదీ ముప్పై ఒకటికి పంపాడు. నేను చూసేసరికి ఆయన లేడు." ఫోనుని ఒడిలోకి నొక్కుకుంది. "వినలేదండి. వింటే అయిపోద్ది కదా మేడమ్ గారూ. ఇంక ఆయన దగ్గర్నించి కొత్త మాట రాదు కదా."

దేవకుమారి ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. బలవంతం చేయడానికి ఆమెకి అధికారం ఉంది. నోరు రాలేదు. గోడ గడియారం తొమ్మిదీ రెండు చూపిస్తోంది.

"ముగ్గురు మనుషులు లాకప్‌లో ఉన్నారమ్మా. వాళ్లు చంపలేదని నాకు తెలుసు. చిట్టియ్య అమ్ముడుపోలేదనీ తెలుసు. రెండూ రుజువు చేసే మాట నీ చేతి కింద ఉందేమో."

ఆశాజ్యోతి ఫోను తిప్పింది. నొక్కింది.

గాలి హోరు. నీళ్ల చప్పుడు. తరువాత తీరిగ్గా, నవ్వుతున్నట్టుగా ఒక మగ గొంతు. "జ్యోతీ, గుడైపోయాక కేరేజీ పంపకు, నేనే వచ్చేస్తా. పోటు ఎక్కువగా ఉంది గానీ తొమ్మిదిన్నరకి తగ్గుద్దిలే. పిల్లకి మట్ట ఒకటి… ఆగు, ఏఈ గారొచ్చారు." గొంతు దూరమైంది. "నమస్కారమండి. పండగ పూట మీరెందుకొచ్చారండీ… అయ్యో, తాళం ఎందుకు తీస్తున్నారు సార్? పోటు మీదుందండి. ఇప్పుడెత్తకూడదండి. చేలు పాలు పోసుకుంటున్నాయి సార్, పోతాయండి, మీకు దణ్ణం పెడతాను సార్…"

అక్కడితో ఆగిపోయింది.

గుమ్మం దగ్గర నిలబడిన మగవాళ్లూ విన్నారు. అది ఆమె గమనించేలోపే వాళ్లలో ఇద్దరు అక్కడ లేరు.

*

"ఉదయభాస్కర్ గారూ, ఏఈ రమేష్ బాబు. నా దగ్గర చిట్టియ్య గొంతు ఉంది. ఇప్పుడు వాడు శివారు తూము దగ్గరున్నాడు. పికెట్‌లోంచి పదిమందిని పంపించండి."

ఫోన్లో కుర్చీలు లాగుతున్న చప్పుడు. "పికెట్ కదిపితే రెండూళ్లూ కలబడతాయి. ఇంజనీరు తన తూము తలుపులు తానే ఎత్తుకుంటాడా? ఎందుకండీ? అసలు ఎందుకు చేస్తాడు?"

"మునిగితేనే తూము పెంచుతారు, నిన్న ముంచినా పేపర్లో సముద్రం అన్న మాట రాలేదు. అందుకు."

"ఏంటండీ?"

ఆమె ఫోన్ పెట్టేసింది. ఉదయభాస్కర్‌కి పొద్దున్నించి ఆమె చెప్తున్నది ఒకటే, నీళ్ల సంగతి. అతను అడుగుతున్నదీ ఒకటే, అరెస్టుల సంగతి.

జీపు గట్టు ఎక్కేసరికి తొమ్మిదీ ముప్పై ఎనిమిది. దూరం నుంచే హోరు వినిపించింది. శివారు తూముకి మూడు తలుపులు. రెండు పూర్తిగా లేచి ఉన్నాయి, మూడోది సగం. సముద్రం నురగలు కక్కుతూ లోపలికి పడుతోంది. అటువైపు చెరువులోకి నీళ్లు మళ్లించే కాలువ అప్పుడే బురద రంగుకి తిరిగింది.

రమేష్ బాబు గేరు పక్కన సిమెంటు దిమ్మ మీద కూర్చుని ఉన్నాడు. పారిపోయే ప్రయత్నం చేయలేదు.

"నేను కొట్టలేదు మేడమ్" అన్నాడు. ఈ మాట ఆమె ఇవాళ వినడం ఐదోసారి. "నేను ఎత్తాను. ఆయన దింపబోయాడు. నేను హ్యాండిల్ లాక్కోబోయాను. గేరు జారింది. హ్యాండిల్ వెనక్కి గిర్రున తిరిగి ఆయన తలకి తగిలింది. నీళ్లలో పడ్డాడు. నాకు ఈత వచ్చు మేడమ్." ఆగాడు. "దూకలేదు. గేజీ చూశాను. రెండు మీటర్ల పది. ఆయన కొట్టుకుపోతుంటే నేను గేజీ చూశాను."

"దించండి. తలుపులు ముందు దించండి!"

"ఒక ఊరు మునిగితే హత్య అన్నారు. పదకొండు ఊళ్ల కుళాయిల్లో ఉప్పు నీళ్లొస్తే ఏమంటారు? అప్పుడైనా రాస్తారు. రాయక తప్పదు."

"పదకొండు ఊళ్లలో పసిపిల్లలున్నారు. హ్యాండిల్ ఏది?"

అతను కాలువలోకి చెయ్యి చూపించాడు.

దేవకుమారి గేరు ఇరుసుని ఉత్త చేతులతో పట్టుకుని లాగింది. సామ్యేలు కూడా పట్టాడు. పిసరంత కదల్లేదు. గ్రీజు అరచేతులకి అంటుకుంది. తొమ్మిదీ నలభై రెండు. ఇంకో ఎనిమిది నిమిషాలు నీళ్లు ఎక్కుతూనే ఉంటాయి. ఆ తరువాత గంటసేపు పడుతూనే ఉంటాయి.

"మేడమ్" అన్నాడు సామ్యేలు. గట్టు వైపు చెయ్యి చూపించాడు.

లంకపాలెం వైపు గట్టు మీద మోటార్ సైకిళ్లు, ముందు ఇందాక గుమ్మం దగ్గర్నించి మాయమైన ఇద్దరు. ముత్యాలపర్ర వైపు గట్టు మీద జనం నడిచి వస్తున్నారు. ఏఈ మళ్లీ తలుపులెత్తాడని ఎవరో కబురు చేసుంటారు. నిన్నటిదాకా ఒకరి తల ఒకరు పగలగొట్టుకుందామనుకున్న వాళ్లు ఇప్పుడు రెండు వైపులనుంచీ ఒకే మనిషి కోసం వస్తున్నారు.

"ఆయన్ని జీపులో కూర్చోబెట్టు. తాళం వేసి, తలుపుకి అడ్డం నిలబడు. నువ్వు కదలకు."

సామ్యేలు రమేష్ బాబుని దాదాపు ఎత్తుకుని తీసుకెళ్లాడు. దేవకుమారి తూము మీద ఒక్కతే మిగిలింది. ముత్యాలపర్ర జనం ముందు ఒక ఆడమనిషి వస్తోంది. పెళ్లికి కట్టిన పట్టుచీరే ఇంకా ఒంటి మీదుంది, మోకాళ్ల దాకా బురద. చేతిలో గునపం. ఎవరో చెప్పనక్కర్లేదు. మొగుడు బుల్లిరాజుని లాకప్‌లో పెట్టినప్పుడు రాత్రి స్టేషన్ గేటు పట్టుకుని నిలబడింది ఈమే.

"వీరవేణమ్మా" అంది దేవకుమారి చెయ్యి చాచి. "ఆ గునపం ఇటివ్వు. ఇరుసులో పెట్టి తిప్పితే తలుపులు దిగుతాయి. నీ మొగుడు చంపలేదని నా దగ్గర సాక్ష్యం ఉంది. మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాడు. ముందు తలుపులు దించుదాం, పట్టు."

వీరవేణి ఆగింది. లోపలికి పడుతున్న నీళ్లు చూసింది. జీపు వైపు చూసింది. లంకపాలెం వాళ్లు మోటార్ సైకిళ్లు దిగి ఆమె పక్కనే వచ్చి నిలబడ్డారు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.

"ముందు ఆ ఇంజనీరుని మాకివ్వండి మేడమ్ గారూ" అంది వీరవేణి, గునపం గుండెకి ఆనించుకుని. "గునపం తర్వాత ఇస్తాం."